మా ఇంట్లో రెండో ఎమ్మెస్

ఇక్కడ తెలుగువాళ్ళ పాట్‌లక్కులకి వెళ్తే పులిహోర గిన్నె మూత తీసేలోపే అడిగే ప్రశ్న ఒకటుంది. "మీ ఆవిడ ఏం చేస్తున్నారు?" జావానో, డేటాబేస్ అడ్మినో, టెస్టింగో అంటే అడిగినాయన తల ఊపి గారెల వైపు వెళ్ళిపోతాడు. నేను "కినీసియాలజీలో ఎమ్మెస్" అనేసరికి గారె చేతిలోనే ఆగిపోయేది. "అంటే చైనా వైద్యమా?" అన్నారొకరు. "జిమ్ ట్రైనరా?" అన్నారు ఇంకొకరు. "దానికి కూడా ఎమ్మెస్ ఉందా!" అని మరొకరు ఆశ్చర్యపోయారు. ఎవర్నీ తప్పు పట్టలేను. 2020 దాకా నాకూ ఆ మాట పలకడం రాదు.

ప్రతి నెలా ఇక్కడ సర్వర్ల గురించో ఫోన్ల గురించో రాసే నేను ఈసారి మా ఆవిడ చదువు గురించి రాయడానికి కారణం ఉంది. ఆ చదువులో సగం మన కంప్యూటర్ పనే. మిగతా సగం మన కంప్యూటర్ వాళ్ళకి చేతకాని పని. ఆ సంగతి నాకు కొంచెం ఖరీదైన పద్ధతిలో తెలిసింది.

టెస్టింగ్ నేర్చుకోవచ్చు కదా

మా ఆవిడ ఇండియాలో ఫిజియోథెరపీ చదివింది. నాలుగున్నరేళ్ళ బీపీటీ, ఆ తరవాత గుంటూరులో ఒక ఆస్పత్రిలో రెండేళ్ళ ఉద్యోగం. పెళ్ళయి 2018లో హెచ్-4 వీసా మీద ఇక్కడికి వచ్చింది. నా దగ్గర అప్పటికే ఒక ప్లాన్ ఉంది. మనవాళ్ళు చాలామంది వేసే ప్లానే అది. ఆరు వారాలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు, పని చేసే అనుమతి రాగానే ఏదో ఒక కన్సల్టెన్సీలో ఉద్యోగం, ఆ పైన ఇల్లు కొనుక్కోవడం. కోర్సు డబ్బులు కూడా నేనే కట్టేశాను, ఆవిడని అడక్కుండానే.

రెండు వారాలు కూర్చుంది. మూడో వారం ఒక రాత్రి లాప్‌టాప్ మూసేసి, "నాకు ఇందులో బగ్గులు కనిపించడం లేదండీ. మీ మెడ కనిపిస్తోంది. కుర్చీలోంచి కోడిపుంజులా ముందుకు పొడుచుకొచ్చింది. అది సరిచెయ్యడం నాకు వచ్చు. ఇది రాదు" అంది.

నేను కాస్త విసుక్కున్నాను. ఇక్కడ ఫిజియోథెరపిస్టు కావడం అంత తేలిక కాదని నాకు తెలుసు. అమెరికాలో 2016 నుంచి గుర్తింపు పొందిన ఫిజికల్ థెరపీ ప్రోగ్రాములన్నీ డాక్టరేట్ స్థాయివే, అంటే డీపీటీ. సాధారణంగా డిగ్రీ తరవాత మూడేళ్ళు పడుతుంది, ఫీజులు భారీగా ఉంటాయి. విదేశాల్లో చదివిన వాళ్ళకి ఇంకో దారి ఉంది. మన చదువు వాళ్ళ చదువుకి సమానమా కాదా అని మూల్యాంకనం చేయించుకోవాలి, లోటుగా తేలిన కోర్సులు పూర్తి చెయ్యాలి, ఎన్‌పీటీఈ అనే జాతీయ పరీక్ష రాయాలి, ఆ పైన రాష్ట్రం లైసెన్సు ఇవ్వాలి. ఆవిడ మూల్యాంకనం చేయించుకుంది. లోటు కోర్సుల జాబితా మా ఇంటి సరుకుల చీటీ కన్నా పొడుగ్గా వచ్చింది.

ఆ జాబితా పట్టుకుని నెల రోజులు ఆలోచించి, "నేను ముందు కినీసియాలజీలో ఎమ్మెస్ చేస్తాను. రెండేళ్ళు" అంది.

"దాంతో లైసెన్సు వస్తుందా?"

"రాదు."

"మరెందుకు?"

"నేను గుంటూరులో రోజుకి ముప్పై మందిని నడిపించేదాన్ని. బాగయ్యారో లేదో కంటితో చూసి చెప్పేదాన్ని. ఇక్కడ దాన్ని కొలుస్తారట. ఎలా కొలుస్తారో నాకు తెలుసుకోవాలని ఉంది."

చదువుకోవాలంటే తెలుసుకోవాలనే కోరిక చాలని నేను కూడా పదేళ్ళ కింద ఎమ్మెస్‌కి వచ్చేముందు ఇంట్లో వాదించాను. అందుకని ఇంక నోరెత్తలేకపోయాను.

ఈ దారిలో ఆలోచిస్తున్న వాళ్ళకి ఒక మాట. హెచ్-4 మీద చదువుకోవచ్చు గానీ పని అనుమతి లేకపోతే అసిస్టెంట్‌షిప్ తీసుకోవడానికి వీల్లేదు. యూనివర్సిటీలో పని చేస్తే ఫీజు తగ్గే అవకాశం ఉన్నప్పుడు ఈ తేడా చాలా పెద్దది. అప్పటికి నా గ్రీన్‌కార్డు కాగితాలు ఆ దశకి రాలేదు. అందుకని ఆవిడ ఎఫ్-1కి మారింది. దానికే నెలలు పట్టింది. 2021 ఆగస్టులో క్లాసులు మొదలయ్యాయి.

ఇంతకీ ఏమిటీ చదువు?

గ్రీకులో కినీసిస్ అంటే కదలిక. కదలికని చదివే శాస్త్రం కినీసియాలజీ. కండరాలని వేలితో నొక్కి జబ్బు చెబుతామనే 'అప్లైడ్ కినీసియాలజీ' ఒకటుంది, అది వేరు. దానికీ ఈ డిగ్రీకీ పేరులో తప్ప పోలిక లేదు.

మనిషి ఒంటిని యంత్రంలా చూసి లెక్క కట్టడం కొత్తేమీ కాదు. ఇటలీకి చెందిన బొరెల్లి కండరాలనీ ఎముకలనీ తులాదండాలుగా చూసి రాసిన పుస్తకం ఆయన పోయాక 1680-81లో అచ్చయింది. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ పరిగెత్తే గుర్రాన్ని వరసగా పెట్టిన కెమెరాలతో ఫోటోలు తీసి, ఒక క్షణంలో దాని నాలుగు కాళ్ళూ గాల్లోనే ఉంటాయని చూపించాడు. 1890లలో జర్మనీలో బ్రౌనె, ఫిషర్ అనే ఇద్దరు ఒక మనిషి ఒంటికి వెలిగే గొట్టాలు కట్టి, చీకట్లో నడిపించి, ఫోటోలు తీసి, ఒక్కొక్క అడుగులో ఎంత బలం ఉందో చేత్తో లెక్క కట్టారు. కొద్ది అడుగుల లెక్కకి ఏళ్ళు పట్టింది.

విశ్వవిద్యాలయాల్లో మాత్రం ఇది చాలాకాలం 'వ్యాయామ విద్య' కిందే ఉండేది. బర్క్‌లీలో ఫ్రాంక్లిన్ హెన్రీ అనే ఆయన 1964లో ఇది కేవలం ఆటలు నేర్పే మాస్టర్ల చదువు కాదు, స్వతంత్రమైన శాస్త్రం అని వాదిస్తూ వ్యాసం రాశాడు. కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీ 1967లో ఏకంగా కినీసియాలజీ పేరుతోనే విభాగం తెరిచింది. తరవాత అమెరికాలోనూ ఒక్కొక్కటిగా బోర్డులు మారాయి.

ఎమ్మెస్ సాధారణంగా 30 నుంచి 36 క్రెడిట్లు. బయోమెకానిక్స్, వ్యాయామ శరీరధర్మ శాస్త్రం, మెదడు కదలికని ఎలా నియంత్రిస్తుందో చెప్పే మోటార్ కంట్రోల్, స్టాటిస్టిక్స్. థీసిస్ రాస్తే పరిశోధన, లేకపోతే ఇంటర్న్‌షిప్. మా ఆవిడ బయోమెకానిక్స్‌లో థీసిస్ తీసుకుంది. అంశం ఆవిడ మాటల్లో చెప్పాలంటే, "మా అమ్మమ్మ చంకన బిందె పెట్టుకుని చెరువు నుంచి నడిచేది కదా, ఆ నడకలో తుంటికి ఏమవుతుంది?" థీసిస్ శీర్షికలో ఇదే సంగతిని 'ఒక పక్క బరువుతో నడక' అని రాశారు. బిందె బదులు ఇసక సంచీ వచ్చింది.

నేను నడిచాను, నేల తూచింది

పరిశోధనలో మనుషులని వాడాలంటే యూనివర్సిటీ నైతిక సమీక్ష బోర్డు అనుమతి కావాలి. అది వచ్చేలోపు పరికరాలు సరిగ్గా పని చేస్తున్నాయో లేదో చూసుకోవడానికి ఆవిడకి ఒక మనిషి కావాల్సొచ్చింది. ఉచితంగా దొరికేది నేనొక్కణ్ణే.

ల్యాబ్ అంటే పెద్ద హాలు. గోడల చుట్టూ పది కెమెరాలు. నన్ను పొట్టి నిక్కరు వేసుకోమని, కాళ్ళకీ నడుముకీ ఉసిరికాయ కన్నా చిన్న బంతులు అంటించింది. అవి వెలుగుని వెనక్కి పంపే బంతులు. కెమెరాలు పరారుణ కాంతి వెయ్యడం, అది బంతుల మీద పడి తిరిగి రావడం, రెండు మూడు కెమెరాల చూపు కలిసిన చోట బంతి ఉందని లెక్క తేలడం, ఇదంతా సెకనుకి 100 సార్లు జరుగుతుంది. నేల్లో పలకలు బిగించి ఉన్నాయి. వాటి పేరు ఫోర్స్ ప్లేట్. మీరు నేలని ఎంత బలంతో, ఏ దిక్కుకి, ఎక్కడ తొక్కుతున్నారో సెకనుకి 1000 సార్లు చెబుతాయి.

నా బరువు 78 కిలోలు. కదలకుండా నిలబడితే పలక కూడా అంతే చెప్పింది. నడిస్తే అలా కాదు. మడమ ఆనించి బరువు వేసేటప్పుడు సొంత బరువు కన్నా పదో వంతు ఎక్కువ, పాదం మధ్యలో ఉన్నప్పుడు తక్కువ, వేళ్ళతో నేలని తోసేటప్పుడు మళ్ళీ ఎక్కువ. గ్రాఫు ఒంటె మూపురాల్లా రెండు గుట్టలుగా వస్తుంది. మామూలుగా నడిచే దాదాపు ప్రతి మనిషికీ వచ్చే ఆకారమే అది. నాకు మాత్రం ఎడమ గుట్ట కుడి దాని కన్నా పొట్టిగా వచ్చింది. "పోయినేడు క్రికెట్‌లో మడమ బెణికింది కదా, మీరు ఇంకా దాన్ని కాపాడుకుంటూ నడుస్తున్నారు" అంది. నొప్పి పోయి ఏడాదైంది. నేను మర్చిపోయాను గానీ నా నడక మర్చిపోలేదు.

ఇక్కణ్ణుంచి మన లెక్కలు మొదలవుతాయి. నేల ఎంత బలంతో పాదాన్ని పైకి తోసిందో తెలుసు. పాదం బరువెంతో పట్టికలు చెబుతాయి. ఒంటి బరువులో పాదం సుమారు 1.45 శాతం, పిక్క భాగం 4.65 శాతం, తొడ 10 శాతం. అంటే కాలు మొత్తం ఒంట్లో ఆరో వంతు. పాదం ఎంత వేగంగా, ఎంత త్వరణంతో కదిలిందో కెమెరాలు చెబుతాయి. ఈ మూడూ న్యూటన్ సూత్రంలో పెడితే చీలమండ మీద పడే బలం వస్తుంది. అది పట్టుకుని మోకాలికి, అక్కణ్ణుంచి తుంటికి ఎక్కడమే. కింది నుంచి పైకి ఎక్కే ఈ లెక్కని ఇన్వర్స్ డైనమిక్స్ అంటారు.

వినడానికి తేలిక, కోడ్ రాయడానికి కాదు. త్వరణం కావాలంటే స్థానాన్ని రెండుసార్లు అవకలనం చెయ్యాలి. చర్మం మీద బంతి ఒక మిల్లీమీటరు మాత్రమే వణికిందనుకోండి, సెకనుకి 20 సార్లు. త్వరణంలో అది గురుత్వం కన్నా ఒకటిన్నర రెట్లు పెద్దదై కూర్చుంటుంది. అందుకని ముందే వడకట్టాలి. నడకకైతే సుమారు 6 హెర్ట్జ్ పైన ఉన్న వణుకుని కోసేసే ఫిల్టరు వాడటం మామూలు. మరీ ఎక్కువ వడకడితే నడకే పోతుంది. కాఫీ వడకట్టడంలో మనకున్న జ్ఞానమే ఇక్కడా పనికొస్తుంది.

నా కోడ్, ఆవిడ కన్ను

2023 జనవరికి ఆవిడ దగ్గర 16 మంది మనుషుల నడకలు చేరాయి. ఒక్కొక్కరివి పదేసి. చేత్తో చేస్తే ఒక సెమిస్టరు సరిపోదు. "ఇది నాకు వదిలెయ్" అన్నాను, రెండు శనివారాలు కూర్చుని పైథాన్‌లో స్క్రిప్టు రాసిచ్చాను. సి3డి ఫైళ్ళు చదువుతుంది, వడకడుతుంది, లెక్క కడుతుంది, అందమైన గ్రాఫులు గీస్తుంది. ఆ గ్రాఫులతోనే ఆవిడ ఫలితాల అధ్యాయం రాసి గైడుకి పంపింది. పాట్‌లక్కులో నేను ఆ గ్రాఫులు ఫోన్లో నలుగురికి చూపించాను కూడా.

కమిటీ ముందు థీసిస్ సమర్థించుకోవడానికి తొమ్మిది రోజులుందనగా, ఒక రాత్రి పదకొండు గంటలకి నన్ను లేపింది.

"ఏవండీ, ఇతని మోకాలు చూడండి. పాదం గాల్లో ఉన్నప్పుడు మోకాలి మీద ఇంత మొమెంటు ఎక్కడి నుంచి వస్తుంది? నేలని తాకనే లేదు కదా?"

"డేటా అలా ఉందేమో."

"డేటా అలా ఉండదు. మనిషి అలా ఉండడు."

కోడ్ తెరిచాను. గంటలో దొరికింది. కొన్ని నడకల్లో మొదట్లో బంతులు కెమెరాలకి సరిగ్గా అందలేదు. ఆ మొదటి ఫ్రేములు కత్తిరించమని రాశాను. కెమెరా డేటాని కత్తిరించాను గానీ నేల పలకల డేటాని అంతే మేర కత్తిరించడం మర్చిపోయాను. సెకనుకి 100, సెకనుకి 1000 అనే తేడా మాత్రం శ్రద్ధగా సరిచేశాను, మొదలు ఎక్కడో చూసుకోలేదు. దాంతో బలం కాలు కన్నా సెకనులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా ఆలస్యంగా నడిచింది. మనిషి ఒక పాదంతో మొదలెట్టి మళ్ళీ అదే పాదం ఆనించడానికి పట్టేది సెకను పైన కొంచెం. అందులో ఇది చిన్న తప్పేం కాదు. 16 మందిలో 11 మంది లెక్కలు పాడయ్యాయి. ప్రోగ్రాం ఎక్కడా ఎర్రర్ ఇవ్వలేదు. గ్రాఫులన్నీ నున్నగా, ముద్దుగా వచ్చాయి.

నేను ఇచ్చిన సలహా రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. "రెండు రోజుల్లో సరిచేసి కొత్త అధ్యాయం పంపేద్దాం. గైడుకి ఇప్పుడే చెప్పడం ఎందుకు?" అన్నాను. ఆఫీసులో మనం ప్రొడక్షన్‌లో తప్పు దొరికితే చేసే పని అదే కదా, చల్లగా సరిదిద్ది ఊరుకోవడం.

"గుంటూరులో నేను తప్పు కాలికి వ్యాయామం చేయించి, తరవాత చల్లగా కాలు మార్చేస్తే మీరు ఊరుకుంటారా?" అంది. ఆ రాత్రే గైడుకి ఉత్తరం రాసింది. తప్పు ఏమిటి, ఎందరికి వర్తిస్తుంది, ఎప్పటికి సరిచేస్తాను, ఈ మూడే. కోడ్ ఎవరు రాశారో రాయలేదు.

శనాదివారాలు నిద్ర లేదు. స్క్రిప్టు సరిచేశాక ఆవిడ ఇంకో పని చెప్పింది. ప్రతి నడకలోనూ నేల పలక బలం చూపించే క్షణంలో పాదం నిజంగా నేల మీద ఉందా లేదా అని ప్రోగ్రామే పరీక్షించాలి, లేకపోతే ఆగిపోవాలి. పదిహేను లైన్ల కోడ్. అది మొదటి రోజే రాసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. కొత్త లెక్కల్లో బరువుతో నడిచినప్పటికీ బరువు లేకుండా నడిచినప్పటికీ తేడా మునుపటి దానిలో సగమే తేలింది. ఫలితం చిన్నదైంది. ఆవిడ బాధపడలేదు. "ఉన్నదే ఉంది" అంది. కమిటీ అడిగిన మొదటి ప్రశ్న ఆ తప్పు గురించే. ఆవిడ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. పాసయింది.

నేను ఇష్టం లేని టెస్టింగ్ కోర్సులో కూర్చోబెట్టిన మనిషే నా జీవితంలో దొరికిన అన్నిటికన్నా మంచి టెస్టర్ అని అప్పుడు అర్థమైంది.

నాన్నగారి చేతికర్ర

తెనాలిలో మా నాన్నగారికి కుడి తుంటి కీలు అరిగింది. డాక్టరు చేతికర్ర వాడమన్నారు. ఒక ఆదివారం వీడియో కాల్‌లో ఆయన వరండాలో నడిచి చూపిస్తుంటే మా ఆవిడ ఫోను లాక్కుంది.

"మావయ్యగారూ, కర్ర ఎడమ చేతిలోకి మార్చుకోండి."

"నొప్పి కుడివైపు ఉంటే కర్ర ఎడమవైపా? అమెరికా చదువు బాగానే ఉందమ్మా!" అని నవ్వారు.

ఆయన సైన్సు మాస్టారుగా రిటైరయ్యారు. ఊరికే చెబితే వినరు. కాగితం మీద లెక్క వేసి చూపించింది. మీరూ చూడండి.

కావిడి మోసే మనిషిని ఊహించుకోండి. బద్ద మధ్యలో భుజం ఉంటే రెండు కుండలూ సమానంగా ఉండాలి. భుజం ఒక చివరకి జరిగితే ఆ దగ్గర కుండలో ఎక్కువ బరువు పెట్టాలి. కుడి కాలి మీద నిలబడినప్పుడు తుంటి కీలు ఆ భుజం లాంటిది. నాన్నగారి బరువు 70 కిలోలు. ఆ కాలు తీసేస్తే మిగిలిన ఒళ్ళు 58 కిలోలు. అది కీలుకి సుమారు 10 సెంటీమీటర్ల దూరంలో లోపలికి వేలాడుతోంది. ఒరిగిపోకుండా అవతలి నుంచి లాగే కండరం కీలుకి 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. సగం దూరం కాబట్టి రెట్టింపు బలం, 116 కిలోలు. రెండూ మోసేది కీలే. మొత్తం 174 కిలోలు, అంటే ఒంటి బరువుకి రెండున్నర రెట్లు.

ఇది కాగితం లెక్క మాత్రమే కాదు. బెర్లిన్‌లో బెర్గ్‌మన్ బృందం కృత్రిమ తుంటి కీలు లోపల కొలిచే పరికరాలు పెట్టి, అవి అమర్చిన మనుషుల్ని నడిపించి 2001లో ఫలితాలు అచ్చు వేసింది. మామూలు నడకలో కీలు మీద పడింది ఒంటి బరువుకి దాదాపు 2.4 రెట్లు.

ఇప్పుడు కర్ర ఎడమ చేతిలో పెట్టి 7 కిలోల బలంతో నొక్కితే? ఆ చెయ్యి కుడి తుంటికి సుమారు 45 సెంటీమీటర్ల దూరం. దూరం ఎక్కువ కాబట్టి ఆ చిన్న బలమే కండరం మీద 63 కిలోలు తగ్గిస్తుంది. కీలు మీద పడేది 174 నుంచి 104కి దిగుతుంది. అదే కర్ర కుడి చేతిలో ఉంటే కీలుకి దగ్గరగా ఉండి ఆ లాభం రాదు. ఇది కదలకుండా నిలబడ్డప్పటి లెక్క, నిజం నడకలో ఇంత తగ్గకపోవచ్చు. దిశ మాత్రం మారదు.

నాన్నగారు కాగితం ఫోటో చూసి ఏమీ అనలేదు. మూడో రోజు ఆయనే ఫోన్ చేశారు, నాకు కాదు, కోడలికి. "అమ్మాయ్, పాల కేంద్రం దాకా వెళ్ళొచ్చాను" అన్నారు. ఆయన ఆ వీధి మలుపు దాటి నాలుగు నెలలైంది.

"ఇది చెప్పడానికి ఎమ్మెస్ కావాల్సొచ్చిందా?" అని ఆటపట్టించాను. "కర్ర ఏ చేతిలో పట్టుకోవాలో బీపీటీలోనే చెప్పారు. ఎందుకో లెక్క వేసి మావయ్యగారి లాంటి వాళ్ళని ఒప్పించడం ఇక్కడ వచ్చింది" అంది.

ఎవరికి పనికొస్తుంది?

ఈ డిగ్రీతో ఫిజికల్ థెరపిస్టు లైసెన్సు రాదు. ఈ సంగతి చేరాక తెలుసుకుని ఏడ్చిన పిల్లలని చూశాం, అందుకే మళ్ళీ చెబుతున్నాను. దీని తరవాతి దారులు వేరు. పరిశోధన ల్యాబులు, ఆస్పత్రుల్లో గుండె జబ్బు వచ్చిన వాళ్ళకి వ్యాయామం చేయించే విభాగాలు, కర్మాగారాల్లో పనివాళ్ళ నడుములు కాపాడే ఎర్గోనామిక్స్, ఆటగాళ్ళ శిక్షణ, బూట్లూ కృత్రిమ అవయవాలూ తయారుచేసే కంపెనీలు, లేదా పీహెచ్‌డీ. ఎఫ్-1 మీద వచ్చేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. ఒకే పేరున్న డిగ్రీకి వేర్వేరు యూనివర్సిటీలు వేర్వేరు కోడ్‌లు వాడవచ్చు. స్టెమ్ కింద అదనంగా రెండేళ్ళు పని చేసే వీలు ఉంటుందా లేదా అన్నది ఆ కోడ్ మీద ఆధారపడుతుంది. చేరకముందే అడగండి.

కంప్యూటర్ వాళ్ళకి కూడా ఇక్కడ బోలెడు పని ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన ఓపెన్‌సిమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు 2007 నుంచి అందుబాటులో ఉంది. ఒంట్లో కండరాలన్నిటికీ నమూనా కట్టి నడిపించవచ్చు. అక్కడివాళ్ళే చేసిన ఓపెన్‌క్యాప్ బంతులు అంటించకుండా రెండు ఐఫోన్లతో నడకని కొలుస్తుంది. పది కెమెరాల హాలు కట్టలేని మన ఊరి ఆస్పత్రులకి ఇలాంటివి ఎంత ఉపయోగమో ఆలోచించండి. కాకపోతే కోడ్ రాసేటప్పుడు పక్కన నడక తెలిసిన మనిషిని కూర్చోబెట్టుకోండి.

మా ఆవిడ ఇప్పుడు ఒక పిల్లల ఆస్పత్రి నడక ల్యాబులో పని చేస్తోంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకి కాళ్ళ ఆపరేషన్ చేసేముందు ఏ కండరం ఎందుకు లాగుతోందో కొలిచి సర్జన్లకి చెప్పే చోటు. జీతం టెస్టింగ్ ఉద్యోగం కన్నా తక్కువే. ఇల్లు ఇంకా కొనలేదు. డీపీటీకి అప్లై చెయ్యాలా వద్దా అని రాత్రిళ్ళు లెక్కలు వేస్తోంది, ఈసారి డబ్బు లెక్కలు.

పోయిన నెల పాట్‌లక్కులో కొత్తగా వచ్చిన ఒకాయన అడిగాడు, "మీ ఆవిడ ఏం చేస్తున్నారు?" అని. "నడక చూస్తుంది" అన్నాను. ఆయన గారె పట్టుకుని ఆగిపోయాడు. "కుడి మోకాలు నొప్పా మీకు?" అంది మా ఆవిడ పక్క నుంచి. ఆయన ఇటు నడిచి రావడం చూసిందట.